ఆకుపచ్చ టోపీ

ఒహాయోలో ఓ పల్లెటూరి కాలేజీ, 1909 అక్టోబరు, పొద్దు వాలే వేళ. ఊరవతల గడ్డికొట్టంలో నెత్తిన ఆకుపచ్చ టోపీతో స్తంభానికి కట్టేసి ఉన్నవాడు మొదటి ఏడాది విద్యార్థి ఎల్మర్. ఎదురుగా ఆపిల్ పీపా మీద దర్జాగా కూర్చున్నవాడు రెండో ఏడాది హోరస్. తనంతటి కాపలాదారు లోకంలో మరొకడు లేడని అతగాడి గట్టి నమ్మకం.

"తాడు కాస్త వదులు చేద్దురూ, గురువుగారూ. ముక్కు దురద పెడుతోంది."

"నేను గోకుతాలే. ఎక్కడ?"

"ఎడం పక్క... ఇంకాస్త కింద... ఆఁ. మీరు నూరేళ్ళు చల్లగా ఉండాలి."

"కాకా పట్టకు. ఆరు గంట కొట్టేదాకా నువ్వు కదిలేది లేదు."

"ఆరు కొడితే ఏమవుతుందండీ?"

"తెలీనట్టు అడుగుతావేంరా! ఆ గంట కొట్టేలోపు మీ క్లాసు ప్రెసిడెంటు హోటల్లో లేచి నిలబడి ఉపన్యాసం ఇస్తేనే మీ విందు విందు. ఇవ్వలేదనుకో, కొత్తవాళ్ళు పెట్టుకు తిరిగే ఆ ఆకుపచ్చ టోపీలు వేసవి సెలవుల దాకా మీ నెత్తినే."

"ఇస్తే?"

"ఇస్తే మా నెత్తిన. ఇచ్చేవాడు ఇక్కడ నా తాడుకి వేలాడుతున్నాడుగా!"

"అదీ నిజమే. ఓ ఆపిల్ పెడతారా?"

"నోరు తెరు... అబ్బా! మెల్లిగారా, వేలు కొరికావు!"

"తప్పయిపోయింది. హోటల్ దగ్గర కాపలా ఉందా?"

"అన్ని గుమ్మాలకీ మావాళ్ళే. మీ కుర్రాళ్ళలో ఒక్కడు దూరితే ఒట్టు."

"మరి మా క్లాసు ఆడపిల్లలు?"

"ఆడపిల్లల్ని ఆపుతామా? మేం మర్యాదస్థులం. వెళ్ళి నాలుగు కోడిముక్కలు తినొస్తారు, పోయేదేముంది?"

"మర్టిల్ వెళ్ళిందా?"

"ఏ మర్టిల్?"

"ప్రార్థన జరుగుతున్నంతసేపూ మీరు మెడ తిప్పి చూస్తారే, ఆ మర్టిల్."

"ఎవడు చెప్పాడు? నేను గడియారం కేసి చూస్తాను."

"గడియారం అటు గోడకి లేదండీ."

"నోర్ముయ్."

"ముయ్యమంటే మూస్తాను. ఏదో, పాపం వాన పడి దారంతా పాడైంది కదా, ఎలా వెళ్ళిందో అని..."

"ఎలా ఏమిటి? నేనే దింపొచ్చాను!"

"మీరా! నిజంగా?"

"వంతెన దగ్గర బూటు బురదలో ఇరుక్కుని నిలబడిపోయింది. చేతిలో కేకు పెట్టె. నడిచి వెళ్తే ఏడు గంటలైనా చేరేది కాదు. మా మామయ్య గుర్రబ్బండి తెచ్చి, చెయ్యిచ్చి ఎక్కించాను."

"అబ్బో! మాట్లాడిందా?"

"దారి పొడుగునా! మాట్లాడ్డం అంటే... అప్పజెప్పింది. వక్తృత్వం క్లాసులో చెప్పాలట. 'మిత్రులారా, మనల్ని తక్కువగా చూసినవాళ్ళకి ఈ పూట' అంటూ... ఏం గొంతురా! గుర్రం కూడా చెవులు నిక్కించింది."

"ముగింపు కుదిరిందా? పొద్దున్నంతా అదే బాధ."

"నీకెలా తెలుసు?"

"మాదీ అదే క్లాసు కదండీ."

"ఆఁ, అవునులే. ముగింపు నేనే కుదిర్చాను! 'మన దారికి అడ్డం నిలబడ్డవాళ్ళే మనకి తలుపు తీసి పట్టుకుంటారు, చూస్తూండండి' అని చెప్పమన్నాను. ఎంత నచ్చిందో! నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది."

"అద్భుతం, గురువుగారూ. తర్వాత?"

"హోటల్ దగ్గర మావాడొకడు కేకు పెట్టె తెరవమన్నాడు. మర్యాద లేదట్రా, తప్పుకో అని, తలుపు నేనే తీసి పట్టుకున్నాను. రాణీలా నడిచి లోపలికెళ్ళింది."

"మీరేమీ అడగలేదా?"

"అడిగాను. శనివారం మొక్కజొన్న వలిచే పండక్కి నాతో వస్తావా అని. 'నువ్వు ఏ టోపీ పెట్టుకొచ్చినా వస్తాను' అంది. టోపీ గొడవేమిటో నాకర్థం కాలా. ఆడపిల్లల మాటలు... ఏయ్! గంట! గంట కొడుతోంది!"

"కొట్టనివ్వండి."

"నాలుగు... అయిదు... ఆరు! అయిపోయింది! చిత్తయిపోయావురా ప్రెసిడెంటూ!"

"ప్రెసిడెంటు ఎవరండీ?"

"నువ్వేగా!"

"మొన్న మంగళవారం దాకా నేనే. మీరు నన్నెత్తుకుపోతారని తెలిసి, ఇంకొకర్ని ఎన్నుకున్నాం."

"కోతలు కొయ్యకు! ఒక్క కుర్రాడు లోపలికి పోలేదు."

"కుర్రాడని నేనన్నానా?"

"ఏమిటీ... కాదు. కాదురా. ఆడపిల్ల ప్రెసిడెంటా? ఈ కాలేజీ పుట్టాక ఎప్పుడైనా విన్నామా?"

"వినలేదు. అందుకే మీరెవరూ అటు చూడలేదు."

"అయితే... ఆ అప్పజెప్పిందీ..."

"మీ ముగింపుకి చప్పట్లు మోగిపోయుంటాయి."

"ఓరి దేవుడా! మావాళ్ళు నా చర్మం ఒలుస్తారు! తలుపు నేను తీశానురా, నేను!"

"ఎంత మర్యాదగా తీశారో ఇప్పుడేగా చెప్పారు. తాడు విప్పండి, చేతులు తిమ్మిరెక్కాయి."

"విప్పుతాను గానీ... ఒరేయ్ ఎల్మర్..."

"చెప్పండి."

"శనివారం వస్తానన్నది కూడా అబద్ధమేనంటావా?"

"ఛ ఛ! ప్రెసిడెంటు గారు మాట తప్పరు. ఇదిగో, నా నెత్తిమీది టోపీ తీసుకోండి. ఇది లేకుండా మాత్రం వెళ్ళకండి, ఆవిడ వస్తున్నదే దీన్ని మీ నెత్తిన చూడ్డానికి."