ఉప్పునీళ్లలో పెట్టాల్సింది

అది కాదు బావా, ఒక గాజుపుల్లకి ఇన్ని సేవలా, నువ్వే చెప్పు! తుడవకూడదట, మెత్తటి కాగితంతో అద్దాలట. ఎండనివ్వకూడదట, అలాగని ఉత్త నీళ్లలో ఉంచకూడదట. పీహెచ్ ఎలక్ట్రోడ్ అంటే మా ల్యాబులో కొత్తల్లుడన్నమాట!

నవ్వవేం? సరే, నవ్వకు. నీ చోట నేనుంటే నేనూ నవ్వను. నీ పాటికి నువ్వు ఆ సైకిలు గొలుసుకి నూనె పెట్టుకో, నేను మాట్లాడుతుంటాను.

మన ఫ్యాక్టరీ షాంపూలో ఆమ్లం ఎంతుందో చెప్పేది అదొక్కటే కదా. నాకేమో శుభ్రం పిచ్చి. పని కాగానే దాని కొనమీది గాజుబుడగని చేతిరుమాలుతో, కళ్లజోడు తుడిచినట్టు తళతళా తుడిచి, డిస్టిల్డ్ వాటర్ బీకర్లో నిలబెట్టేవాణ్ణి. చూసినవాళ్లు "అబ్బ, ఎంత శుభ్రం!" అంటే కాలరెగరేసేవాణ్ణి.

దానికి కావాల్సింది ఉప్పునీళ్లు బావా! పొటాషియం క్లోరైడు కలిపినవి. ఉత్త నీళ్లలో ఉంచితే లోపలి ఉప్పంతా మెల్లగా జారిపోతుంది. ఆ ముక్క అదొచ్చిన డబ్బా మీదే రాసుంది. ఆ డబ్బాలో నేను సూదీదారం దాచుకున్నాను.

ఇక ఆ రోజు... నువ్వు పైన మిక్సింగ్ ట్యాంకు దగ్గర, నేను కింద ల్యాబు కిటికీలో. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి మనకి వేళ్లే భాష. ఒక వేలంటే ఒక మగ్గు సిట్రిక్ యాసిడ్. నువ్వు పంపిన శాంపిల్లో ఎలక్ట్రోడ్ ముంచాను. ఏడు దగ్గర కూర్చుంది. కావాల్సింది అయిదున్నర; యాసిడ్ పడేకొద్దీ అంకె దిగాలి. రెండు వేళ్లు చూపించాను, పోశావు. మళ్లీ ముంచాను. కదిలితేగా!

నువ్వు పైనుంచి చెయ్యి తిప్పావు, సరిగ్గా చూశావా అని. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ల్యాబు మనిషిని నేనా, నువ్వా? ఇంకో రెండు వేళ్లు.

షాంపూ మారుతూనే ఉంది బావా. మొద్దుబారింది ఎలక్ట్రోడ్. అంకె నిలబడేదాకా ఆగినా తెలిసేది. పొద్దున్నే ఏడు, నాలుగు అని రాసున్న బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూసినా తెలిసేది. బుద్ధి పుట్టినప్పుడెప్పుడో ముంచేవాణ్ణి. ముంచాక, పారబోయడం దండగని వాడిన బఫర్ మళ్లీ సీసాలోనే పోసేవాణ్ణి. దాంతో సీసా సీసా చెడిపోయేది. పొదుపు!

పసిపిల్లల షాంపూ, ట్యాంకు మొత్తం కళ్లు మండే సరుకైపోయింది. బయటి ల్యాబువాళ్లు పట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే ఎంతమంది పసివాళ్ల నెత్తిన పడేదో!

"యాసిడ్ ఎవరు పొయ్యమన్నారు?" అని మేనేజరు అడిగితే నువ్వు నావైపు చూశావు. వేళ్లకి సాక్ష్యం ఏముంటుంది? "నాకు గుర్తు లేదండీ" అన్నాను. నువ్వు ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నిన్ను సస్పెండు చేసి పంపించారు, నన్ను టీకి పిలిచారు. అక్క ఇప్పటికీ నన్ను "తిన్నావురా?" అనే అడుగుతోంది. అంటే ఇంట్లో నువ్వేమీ చెప్పలేదన్నమాట.

ఉండు, లేవకు. అసలు సంగతి ఇంకా రాలేదు.

రేపు విచారణకి పెద్దాఫీసువాళ్లు వస్తున్నారు. అందరి ముందూ మా పీహెచ్ మీటరుని, ఆ ఎలక్ట్రోడ్‌తో సహా, పరీక్షిస్తారట. అది విన్నానో లేదో, తలుపేసుకుని దాంతోపాటు వచ్చిన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. బుడగమీది జిడ్డుపొరని గోరువెచ్చని సబ్బునీళ్లతో వదిలించాను. కడిగి, మెత్తటి కాగితంతో అద్దాను. లోపలి ద్రావణం నింపాను. పొటాషియం క్లోరైడులో నానబెట్టాను. కొత్త బఫర్ సీసాలు తెరిచాను. ప్రాణం లేచొచ్చింది బావా దానికి! ఏడంటే ఏడు, నాలుగంటే నాలుగు. జన్మలో ఒక పని సక్రమంగా చేశానని చప్పట్లు కూడా కొట్టుకున్నాను.

కొట్టుకున్నాక వెలిగింది. రేపు వాళ్లు ముంచుతారు, అది నిజం చెబుతుంది. "మీటరు బాగానే ఉంది, ల్యాబు తప్పేం లేదు, తప్పంతా పోసినవాడిదే" అంటారు. నీ తరఫున మాట్లాడగలిగింది ఆ పాడైపోయిన ఎలక్ట్రోడ్ ఒక్కటే. దాన్ని కాస్తా నేనే బాగుచేసేశాను.

అలా చూడకు.

చప్పట్లు కొట్టుకున్నాక వెలిగిందన్నాను కదూ? అబద్ధం. నానబెడుతున్నప్పుడే వెలిగింది. అప్పుడు బయటికి తీసి ఉత్త నీళ్లలో పడేసినా మళ్లీ పాడైపోయేది. తెలిసే, నానబెట్టిన సీసాకి మూత బిగించాను.

రేపు నోరు విప్పుతాననే వచ్చాను. నిన్నా అలాగే అనుకుని మీ వీధి మలుపుదాకా వచ్చి తిరిగిపోయాను, కాబట్టి నా మాట మీద ఆశ పెట్టుకోకు. అక్కని పిలువు బావా. తనకి కూడా తెలిస్తే, ఇక దాక్కోవడానికి నాకు చోటుండదు.