హాస్టలు ట్యాంకు తేనెతుట్టె

నంద్యాల మేజిస్ట్రేటు గారి ఎదుట, 1982 మార్చి 8, సోమవారం.

నా పేరు కుడుముల గురవయ్య. తండ్రి లింగన్న. వయసు ఇరవై. ఊరు సున్నిపెంట. బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ నన్ను అడక్కుండానే నా వృత్తి తేనె తీయడం అని రాసుకున్నాడు. అది తప్పు, కొట్టేయమని కోరుతున్నాను. మేము చెంచులమే. మా నాయన డ్యాం వర్క్‌షాపులో హెల్పరు. నేను పుట్టి పెరిగింది ప్రాజెక్టు క్వార్టర్సులో. మా ఇంట్లో తేనె కావాలంటే అంగట్లో సీసా కొనుక్కుంటాం. బలవంతం ఏమీ లేదని, చెప్పిన మాట నా మీదికే రావచ్చని అయ్యగారు ముందే హెచ్చరించారు. తెలిసే చెబుతున్నాను.

మా కాలేజీ హాస్టలులో మిత్రమండలి అని సీనియర్ల సంఘం ఉంది. అందులో చేరితే మంచి గది, పాత పుస్తకాలు దొరుకుతాయి. చేరేవాడు అందరి ముందు ఒక పని చేసి చూపాలి. ఫిబ్రవరి 21 ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు కొత్తగా చేరే ముగ్గురం పెరట్లో నిలబడ్డాం. మండలి అధ్యక్షుడు నాగేశ్వరరావు మా ముగ్గురిలో ఒకడైన శేషయ్య చేతికి త్రాసు ఇచ్చి, "శెట్టి పిల్లోడివి గదా, దొంగ తూకం ఎట్లేస్తారో చూపీ" అన్నాడు. ఆళ్లగడ్డ మత్తయి చేత కీర్తన పాడిస్తూ మధ్యమధ్యలో డబ్బా వాయించారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు కూడా రాసుకోండి.

తర్వాత నా చొక్కా విప్పించారు. ఒంటికి పొయ్యి మసి పూసి, నడుముకు వేపమండలు కట్టారు. నీళ్ల ట్యాంకు అంచు కింద పెద్ద తేనెతుట్టె ఉంది. దాన్ని వట్టి చేతులతో దించమన్నారు.

"నాకు రాదన్నా. ఎప్పుడూ తీయలేదు" అన్నాను.

"ఏందీ, చెంచోనికి తేనె తీసేది రాదా? చేపకు ఈత రాదన్నట్టుండాదే! మీవాళ్లను ఈగలు కుట్టవంట గదప్పా, ఎక్కు" అన్నాడు నాగేశ్వరరావు.

మత్తయి ఒక్కడే అడ్డం వచ్చాడు. "వద్దన్నా, రాదంటాండాడు గదా" అన్నాడు. అతని మాట ఎవరూ వినలేదు.

ఎక్కకపోతే చేర్చుకోరని ఎక్కాను. పైనుంచి వంగి చూసి, అందలేదని చెప్పి దిగిపోదామనుకున్నాను. తిరిగి చూస్తే నిచ్చెన లేదు. శేషయ్య దాన్ని తీసి గోడకు ఆనించి నవ్వుతున్నాడు. అంతలో మండలిలోని సీనియరు ఆనందరావు వెదురు గడకు కిరసనాయిలు గుడ్డ చుట్టి, అంటించి, తుట్టెకు తగిలించాడు.

ఈగలు లేచాయి. నేను మూత లాగి ట్యాంకు నీళ్లలోకి దూకాను. కిందివాళ్లు గదుల్లోకి పరుగెత్తి తలుపులు వేసుకున్నారు. మత్తయి పరుగెత్తలేదు. నిచ్చెన మళ్లీ ఆనించి, "గురవా, గురవా" అని పిలుస్తూ ఎక్కాడని హాస్టలు వంటాయన తర్వాత చెప్పాడు. నేను నీళ్లలో ఉన్నాను. నాకు వినబడలేదు. ఎన్నిసార్లు పిలిచాడో, నాకు వినబడలేదు.

నేను బయటికి వచ్చేసరికి అతను కింద పడి ఉన్నాడు. ముఖం గుర్తుపట్టేలా లేదు. మరునాడు పొద్దున ఆసుపత్రిలో పోయాడు. శవం ఆళ్లగడ్డ చేరకముందే, చెంచోడు మునిగిన నీళ్లు తాము తాగబోమని మండలివాళ్లు ప్రిన్సిపాలు గారికి చెప్పి ట్యాంకు కడిగించారు.

తేనె ఆశతో నేనే నిప్పు పెట్టానని అందరూ కూడబలుక్కుని పోలీసులకు ఒకే మాట చెప్పారు. నాగేశ్వరరావు నా గదికి వచ్చాడు. "మీవాళ్లకు ఇది మామూలే గదప్పా. తెలీక చేసినానని ఒప్పుకో, కోర్టోళ్లు గూడా వదిలేస్తారు. లేకుంటే మా చదువులు పోతాయి" అన్నాడు. నాదీ చదువే అన్నాను.

ఆ వారమే బస్సెక్కి ఆళ్లగడ్డలో మత్తయి తల్లి సారమ్మ దగ్గరికి పోయాను. కొడుతుందేమోనని భయపడ్డాను. నాగేశ్వరరావు నాకంటే ముందే వచ్చి పోయాడట. ఆమె గడపలో కూర్చుని నేను చెప్పిందంతా విన్నది.

"చెంచు పిల్లోడు నిప్పు పెట్టినాడమ్మా, మండలి తరపున సంతాపం అని చెప్పిపోయినాడు ఆయప్ప. నా కొడుకంటే మత్తయి. ఆ మండలి ఎవురి కొడుకు నాయనా?" అని అడిగింది.

దానికి జవాబు ఈ రోజు ఇక్కడ చెప్పడానికే వచ్చాను. స్టేషనులో నేను పేర్లు చెబితే "కొందరు విద్యార్థులు" అని రాశారు. కొందరు అనే మనిషి మా హాస్టలులో లేడు. పెద్దవాళ్ల పిల్లలు, ఆలోచించుకో అన్నారు. పదిహేను రోజులుగా ఆలోచించాను. ఇక ఆలోచించేది లేదు.

మసి పూయించి ఎక్కమన్నది నాగేశ్వరరావు, తండ్రి వెంకటనారాయణ. నిచ్చెన తీసింది శేషయ్య, తండ్రి సుబ్బరత్నం. నిప్పు పెట్టింది ఆనందరావు, తండ్రి సామ్యేలు. నిచ్చెన తిరిగి ఆనించింది మత్తయి, తల్లి సారమ్మ.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో అబద్ధం ఉంటే శిక్షకు నేనే బాధ్యుణ్ణి.

సంతకం: కుడుముల గురవయ్య