అందరికీ ఒకే ట్రే

ఇల్లందులో చిన్న రక్తపరీక్షల ల్యాబ్, ఆదివారం మధ్యాహ్నం. షటర్ లోపలి నుంచి దించి ఉంది, బయట జనం. లోపల ఇద్దరే: ల్యాబ్ నడిపే ముస్తకీమ్, అతనికి రిపోర్టుల ప్రోగ్రాం రాసిచ్చిన ఫ్లోరెన్స్. తాను రాసిన మొట్టమొదటి ప్రోగ్రాం ఇలా తన మెడకే చుట్టుకుంటుందని పాపం ఆమె కలలో కూడా అనుకోలేదు.

"చెప్తున్న గదన్నా, తప్పు నాది కాదు. కంపైలర్‌ది."

"ఎవడు వాడు?"

"వాడు కాదు. నేను రాసింది కంప్యూటర్‌కు తెలిసేటట్టు మార్చేది. దాంట్లనే బగ్ ఉన్నది."

"ఫ్లోరెన్స్, బయట బట్టల దుకాణం కిషన్‌లాల్ సేటు నిలబడ్డడు. ఆయన రిపోర్ట్‌ల ఏమొచ్చిందో చదువు."

"చదివిన."

"పైకి చదువు."

"కిడ్నీ ఖరాబు. షుగర్. ఇంకా... గర్భం."

"అరవై దాటిన మొగోనికి కడుపొచ్చింది. పోయి కంపైలర్ అని చెప్తవా? షటర్ లేపాల్నా?"

"లేపకన్నా. జర ఆగు."

"సేటుకు ఏం కాదు. నాలుగు దినాలు నవ్వులపాలైతడు, నన్ను తిడతడు, అయిపోతది. మెట్టు మీద బిచ్యా కూసున్నడు చూడు, గుండాల రోడ్డుల ఆటో నడుపుతడు. కిడ్నీ ఖరాబని మనమిచ్చిన కాయితం పట్టుకొని కూసున్నడు. అరవట్లే, తిట్టట్లే. నాకు ఆయనంటేనే భయమైతున్నది."

"రిపోర్ట్‌ల అంకెలు ఉంటయి గదన్నా. అవి చూసుకోవద్దా?"

"అంకెలు ఎవరు చూస్తరు? అడుగున తెలుగుల రోగం పేరు రాసేది నీ ప్రోగ్రామే గద, అదే చదువుతరు. వందమంది లైన్ల ఉంటే నేనూ చూడలే. పొద్దటి నుంచి వచ్చిన ప్రతోనికీ కిడ్నీ ఖరాబే. ఊరు ఊరంత ఖరాబైతదా?"

"అందుకే బగ్ అంటున్న."

"ఎవరి బగ్?"

"నన్ను తొందరపెట్టకు. ఒక్కొక్క రిపోర్ట్ తెరుస్తున్న."

"షటర్ కొడుతున్నరు."

"వినపడుతున్నది."

"జర ఆగుండ్రి, జర ఆగుండ్రి అని ఎన్నిసార్లు చెప్పాలె? వెనక నుంచి పోదామంటే ఈ గదికి ఎలుక దూరే సందు గూడ లేదు. ఏదో ఒక మాట చెప్పాలె, ఫ్లోరెన్స్. నిజమైన మాట చెప్పాలె."

"నిజం తెలిస్తే గద చెప్పేది. ఆగు ఆగు. ఇటు చూడు. వరుసగ చూస్తున్న. బిచ్యాకు కిడ్నీ ఒక్కటే రాసింది. ఆయన తర్వాత సైదమ్మ. కిడ్నీ, షుగర్. సైదమ్మకు షుగర్ నిజంగ ఉన్నదా?"

"ఎన్నో ఏండ్ల నుంచి ఉన్నది. నా దగ్గరికే వస్తది."

"ఆమె తర్వాత రాఘవమ్మ కోడలు. కిడ్నీ, షుగర్, గర్భం."

"గర్భం నిజమే. ఆ పిల్ల వచ్చిందే గా పరీక్షకు."

"ఆమె వెనకనే సేటు."

"కిడ్నీ, షుగర్, గర్భం... ఓ ఫ్లోరెన్స్. ముందటోళ్లవి వెనకోళ్లకు అంటుకుంటున్నయి."

"అవ్."

"అంటురోగం లెక్కనా? ఎట్ల?"

"అన్నా..."

"ఎట్ల అంటున్న."

"తప్పు నాదేనన్నా."

"మరి కంపైలర్?"

"అది నేను రాసింది రాసినట్టే చేసింది. మీ దగ్గర శాంపిళ్లు పెట్టే ట్రే ఉంటది గద. మనిషి మనిషికి ఒక ఖాళీ ట్రే ఇయ్యి, అందుల ఆ మనిషి రోగం వెయ్యి, అని రాసిన అనుకున్న. కానీ ప్రోగ్రాం రాసే ఈ భాషల నేను రాసిన తీరుగ రాస్తే ఖాళీ ట్రే ఒక్కసారే చేస్తది, ప్రోగ్రాం ఆన్ చేసినప్పుడు. ఇగ సాయంత్రం దాక అందరికీ గదే ట్రే. కడగదు, మార్చదు."

"గట్లెందుకు పెట్టిండ్రు, ఆ భాష చేసినోళ్లకు మతి లేదా?"

"అది దాని పద్ధతి. పుస్తకంల రాసే ఉన్నది. చదవనోళ్లు బగ్, బగ్ అని మొత్తుకుంటరు. ఇందాక నేను మొత్తుకున్నట్టు. సిగ్గైతున్నదన్నా."

"ఇన్ని దినాలు ఎందుకు కాలే మరి?"

"నీ పాత కంప్యూటర్ రిపోర్ట్ రిపోర్ట్‌కు ఆగిపోతుండె. నువ్వు తిట్టుకుంట మళ్ళ ఆన్ చేస్తుంటివి. ఆన్ చేసినప్పుడల్ల కొత్త ట్రే. నిన్న కొత్త కంప్యూటర్ తెచ్చినవ్. ఇయ్యాల ఒక్కసారన్న ఆగలే."

"మంచిది కొని కొంప ముంచుకున్న."

"నువ్వు కాదు, నేను ముంచిన."

"ఎవరు ముంచితే ఏంది. బిచ్యా పెండ్లాంకు ఫోన్ చేసి, భద్రాచలం దవాఖానాకు పోవాలె, పిల్లల్ని మీ అమ్మ దగ్గర వదులు అంటుండు. నా చెవులతో విన్న. ఆయనకు ఉన్నదా, లేదా? అది చెప్పు."

"ప్రోగ్రాంను అడగకు. రక్తం పరీక్ష చేసే మిషన్‌ల చూడు. బిచ్యా కిడ్నీ అంకె ఎంత?"

"ఆగు... మంచిగనే ఉన్నది."

"సైదమ్మది?"

"మంచిగున్నది. కోడలిది మంచిగున్నది. సేటుది... యా అల్లా, ఎవరికీ కిడ్నీ ఖరాబు లేదు. ఒక్కరికి గూడ లేదు."

"లేకుంటే ట్రేల ఎట్ల పడ్డది? అది తనంతట తాను ఏదీ పుట్టించదన్నా. ఎవరిదో పడితేనే ఉంటది. బిచ్యా కంటె ముందు ఎవరు?"

"ఎవరూ లేరు. నేను షటర్ తీసేటప్పటికే ఆయన మెట్టు మీద ఉన్నడు. ఆయనదే మొదటి రక్తం."

"కాదు. ఆయన కంటె ముందు ఒకటి ఉన్నది. పేరు కాడ 'టెస్ట్' అని కొట్టి ఉన్నది. ప్రింట్ గూడ తీయలే. కిడ్నీ అంకె మాత్రం చాన ఎక్కువ ఉన్నది. ఇది నువ్వు కొట్టిందేనా?"

"అవ్."

"ఉత్తగ చేతికొచ్చిన అంకె కొట్టినవ్ గద. దొరికిందన్నా, దొరికింది. నువ్వు ఉత్తగ కొట్టిన అంకె ఊరందరి కిడ్నీలు ఖరాబు చేసింది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు నాకు. లే, షటర్ లేపు. ముందు బిచ్యాకు చెబుదాం. తప్పు నాదని నేనే చెప్త, తిడితే పడత. మనిషి బతికిండు, అది చాలు. లేపన్నా... ఏంది, గట్లనే కూసున్నవ్?"

"అది ఉత్తగ కొట్టిన అంకె కాదు చెల్లె. కొత్త కంప్యూటర్‌కు మిషన్ కలిసిందో లేదో చూద్దామని, షటర్ తీయకముందు నా రక్తమే తీసి మిషన్‌ల పెట్టిన."