పైకెక్కినవాడి జేబులో తాళంచెవి

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. హాల్లో ఓడ కంపెనీ పంపగా వచ్చిన విచారణాధికారి; ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. హాలు పక్క గదిలో నాన్నతో ఒకే ఓడలో పనిచేసే బాబాయి, కుడిచేతికి మోచేతిదాకా కట్టుతో. వంటింట్లో అమ్మ. హాలుకీ వంటింటికీ మధ్య కాలు గాలిన పిల్లిలా తిరుగుతూ నాన్న. ఇక ఐదో మనిషి పదో తరగతి చదివే అమ్మాయి. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని ఆ పిల్ల, అమ్మ ఫోను గుండెకి అదుముకుని వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది.

"చెరిపేశావా లేదా?"

"లేదమ్మా."

"మెల్లిగా! హాల్లోకి వినబడుతుంది. ఇటియ్యి నా ఫోను."

"ఇవ్వను."

"ఇవ్వవూ? ఎన్నడూ లేంది ఇవాళ నోరు లేస్తోందే! ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళిమ్మంటే మంచం కింద దూరతావు. ఆయన ముందు నిలబడి సాక్ష్యం చెబుతావా?"

"చెప్పను. చూపిస్తాను. ఇది చూపిస్తే చాలు, నేను మాట్లాడక్కర్లేదు. తొమ్మిదీ ఇరవైకి ఓడ నుంచి కాల్. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు."

"చూశాను తల్లీ. నెల్రోజుల్నుంచీ అదే చూపిస్తున్నావు."

"మరి నాన్న కాగితంలో ఏం రాశాడు? తను అసలు అక్కడ లేనని. బాబాయే కిందికొచ్చి గుమ్మడికాయకి స్విచ్ వేసి, వేసిన సంగతి మర్చిపోయి మళ్ళీ పైకెక్కాడని."

"గుమ్మడికాయేంటే? ఆయన వింటే నవ్విపోతాడు."

"బాబాయి పెట్టిన పేరే కదా. ఓడ నెత్తిమీద తెల్లగా, గుండ్రంగా ఉంటాయి రెండు. లోపల డిష్షులుంటాయి. ఓడలో ఎవరు ఫోన్ చేసినా వాటిలోంచే పోవాలి. ముందు గుమ్మడికాయ పాడైపోయి అప్పటికి పది రోజులు. వెనకదొక్కటే పనిచేస్తోంది. అదీ అప్పుడప్పుడు మొరాయిస్తుంటే ఆపి, బాగు చెయ్యడానికి బాబాయి లోపల దూరాడు. ఆపేసిన దాన్లోంచి నాకు ఫోనెలా వచ్చింది? ఎవరో వేస్తేనే కదా!"

"నాకెందుకే ఈ పాఠం? ఆ రోజు స్కూల్లో ఓడ గురించి మాట్లాడితే చప్పట్లు కొట్టారని ఇంట్లో కూడా మొదలెట్టావా?"

"ఆ చప్పట్ల మాట ఎత్తకమ్మా. అవి గుర్తొస్తే బాబాయి చెయ్యే గుర్తొస్తోంది నాకు."

"సరే, ఎత్తను. అయినా విన్నావా ఇందాక ఆయనేమన్నాడో? మీ బాబాయికి దెబ్బ తగిలిన ఆ ఐదు నిమిషాల్లో ఓడ నుంచి ఒక ఫోను పోయిందట, నాలుగు నిమిషాల పైచిలుకు. ఎవరు చేశారో, ఎక్కడికో తేలలేదట. దాన్ని వెతుక్కుంటూనే ఇంటిదాకా వచ్చాడు. నువ్వేమో పళ్ళెంలో పెట్టి అందిస్తానంటావు."

"అందిస్తే నిజం తెలుస్తుంది."

"తెలిసి? మీ నాన్న ఓడ ఉద్యోగపు పత్రం రద్దు చేస్తారు. మళ్ళీ ఓడ ఎక్కనివ్వరు. కేసు కూడా పెడతారేమో. అది కావాలా నీకు?"

"లేకపోతే బాబాయి పత్రం రద్దు చేస్తారు. చెయ్యి పోయింది కదమ్మా ఆయనకి. పేరు కూడా పోవాలా?"

"ఏంటా గుసగుసలు తల్లీకూతుళ్ళు? ఆయన అక్కడ చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు."

"మీరే అడగండి మీ కూతుర్ని. నా వల్ల కాదు."

"ఏంటమ్మా?"

"నాన్నా, సంతకం పెట్టేశావా?"

"ఇంకా లేదు. బాబాయి వచ్చాక ఇద్దరం పెడతాం. పెద్దవాళ్ళ వ్యవహారం, నీకెందుకు? లోపలికెళ్ళి చదువుకో."

"ఆ రోజు స్విచ్ వేసింది నువ్వేగా?"

"ఓడన్నాక సవాలక్ష స్విచ్చులుంటాయి."

"ఫోన్ ఎత్తగానే ఏమన్నావు? 'నీకోసమే వేశాను తల్లీ, రెండే నిమిషాలు' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. ఏం వేశావో అప్పుడు నాకర్థం కాలేదు."

"ఏదో అని ఉంటాను. దీపం వేశానేమో. ఫ్యాన్ వేశానేమో. నువ్వు ఏడుస్తుంటే ఏం మాట్లాడానో నాకేం గుర్తు? అయినా నేను వేశానని ఎవరైనా అన్నారా? ఆయనన్నాడా? బాబాయన్నాడా?"

"ఎవరూ అనలేదు నాన్నా. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నావు."

"ఏయ్! నాన్నతో అలాగేనా మాట్లాడేది?"

"నువ్వాగు. పిల్లని అననీ."

"నువ్వే నేర్పావు కదా నాన్నా. ఓడ నెత్తిమీద పనికి ఎక్కేవాడు ముందు కింద స్విచ్ కట్టేసి, దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకుని ఎక్కాలని. కెప్టెన్ అడిగినా ఇవ్వకూడదని. రాడార్ కర్ర తిరిగితే మనిషిని విసిరి కొడుతుందని, డిష్ తిరిగితే ఎముకలు పిండి చేస్తుందని. స్కూల్లో ఇదంతా చెప్పానే నేను!"

"బాగా చెప్పావటగా."

"మాట మార్చకు. తాళంచెవి బాబాయి జేబులో ఉంటే నువ్వు స్విచ్ వెయ్యలేవు. అంటే ఆ రోజు బాబాయికి నువ్వు తాళంచెవి ఇవ్వలేదు. నీ దగ్గరే ఉంచుకున్నావు."

"ఆ తలుపు దగ్గరికెయ్యి ముందు."

"అవునా కాదా?"

"అలాగే అనుకో."

"అనుకోవడమేంటి నాన్నా?"

"అలాగే అనుకో అన్నాగా! నేనే తప్పు చేశాననుకో, తమ్ముడి చెయ్యి తీసినవాణ్ణనుకో, జన్మలో నాతో మాట్లాడకు. కానీ ఆ ఫోను మాత్రం ఆయనకి చూపించకు. నీకు దణ్ణం పెడతాను."

"ఛ, ఏంటండీ, పిల్లకి దణ్ణమేంటి? చేతులు దించండి."

"సార్! మీ తమ్ముడుగారిని కూడా తీసుకొస్తారా? ఆయన మాట కూడా విని ముగించేద్దాం."

"ఆ, తీసుకొస్తానండీ! ఇదిగో ఇప్పుడే…"

"నువ్వు ఆయన దగ్గర కూర్చో నాన్నా. బాబాయిని నేను లేపుతాను."

"అమ్మా, ఆగు. ఒసేవ్, ఆపవే దాన్ని!"

"బాబాయ్. బాబాయ్, మెలకువగానే ఉన్నావా?"

"ఉన్నా. ఏంటే మూగనోమూ, నోము చెడిందా ఇవాళ? నీ గొంతు గోడలు దాటి వినిపిస్తోంది."

"నవ్వకు. నాన్న రాసిన కాగితం చదివావా? అంతా అబద్ధం."

"చదవడమేంటి, నేనే చెప్పి రాయించా. మీ నాన్నవి కోడిగీతలు. అందులో నేను చెప్పిందే ఉందో, ఇంకేముందో!"

"నువ్వు చెప్పావా? నీమీద నువ్వే?"

"ముందు ఈ చొక్కా బొత్తాలు పెట్టు. ఎడంచేత్తో నా వల్ల కావట్లేదు. కిందనుంచి పెట్టుకుంటూ రా."

"నాన్నని కాపాడాలనేగా? నాకు తెలిసిపోయింది బాబాయ్. తాళంచెవి నాన్న తన దగ్గరే ఉంచుకున్నాడు. నువ్వు లోపల ఉన్నావని తెలిసీ నాకోసం స్విచ్ వేశాడు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నాన్నే. 'అలాగే అనుకో' అన్నాడు."

"అన్నాడా! పిచ్చి అన్నయ్య. ఒక బొత్తాం దాటేశావు చూడు."

"కాదా మరి?"

"అదిగో, మళ్ళీ తప్పు కాజాలో పెట్టావు."

"నాతో అందరూ ఇలాగే చేస్తున్నారు! ఒకరు దీపం అంటారు, ఒకరు బొత్తాం అంటారు. చెప్పకపోతే నేను ఇప్పుడే, ఈ ఫోను పట్టుకుని…"

"ఆగు. ఆగాగు. కూర్చో ఇలా. తాళంచెవి నా జేబులోనే ఉంది."

"మరి స్విచ్ ఎలా పడింది?"

"మీ నాన్న వాకీటాకీలో అన్నాడు, 'నువ్వు స్విచ్ ఆపకముందే పాప మెసేజ్ పెట్టిందిరా, నేనిప్పుడే చూశా. ఇవాళ స్కూల్లో వేదిక ఎక్కి మాట్లాడాలట, మంచం కిందనుంచి రానంటోందట. నా గొంతు వింటే వెళ్తానంటోంది. పాపం, నీ పనయ్యాక చేస్తాలే' అని. ఆయన అడగలేదు. నేనే అన్నా, 'నా పనయ్యేసరికి దాని స్కూలు గేటు మూసేస్తారు, ఇప్పుడే చెయ్యి' అని."

"బాబాయ్…"

"'తాళంచెవి నీ దగ్గరుందిగా, దిగి రావడానికే పావుగంట' అన్నాడు. చేతి తొడుగులో ముడేసి నిచ్చెన సందులోంచి కిందికి పడేశా. వద్దురా వద్దురా అంటూనే ఉన్నాడు. పడేశాక ఇంకేం చేస్తాడు?"

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బయటికొచ్చి నిచ్చెన మీద కూర్చున్నా. రెండు నిమిషాలేగా. స్విచ్ పడగానే లోపల డిష్ గిర్రుగిర్రున తిరుగుతుంది, ఆకాశంలో దాని ఉపగ్రహం దొరికేదాకా. దొరికాక కదలదు. చప్పుడు కూడా ఉండదు. గడియారం చూశా, మూడు నిమిషాలు దాటింది. చప్పుడు లేదు. ఆపేశాడనుకున్నా. తాళంచెవి తిరిగి నా చేతికి రాకుండా లోపల వేలు కూడా పెట్టకూడదు. పాతికేళ్ళుగా ఎంతమందికి నేర్పానో ఆ మాట. చెయ్యి పెట్టా. ఓడ కాస్త మళ్ళింది. ఓడ మళ్ళితే డిష్ కూడా మళ్ళుతుంది. అంతే."

"మూడు దాటిందా?"

"అంతే అన్నాగా. ఆ పై బొత్తాం పెట్టు."

"నాన్న రెండు నిమిషాలకే పెట్టేస్తానన్నాడు. మూడుసార్లన్నాడు. నేనే పెట్టెయ్యొద్దన్నా. 'మొత్తం చదువుతా, తప్పులుంటే చెప్పు' అని మొదట్నుంచీ చదివా. రాడార్ ఓడకి కళ్ళు అనే దగ్గర్నుంచీ. బాబాయ్… నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. అందులో రెండు నిమిషాలు…"

"ఇదిగో. ఈ లెక్క నీ నోటెంట రాకూడదనే అన్నయ్యా నేనూ ఒట్టేసుకున్నది. కూతురు నన్ను దుర్మార్గుడనుకున్నా పర్వాలేదన్నాడు మీ నాన్న."

"అమ్మకి కూడా తెలుసా?"

"ఫోను తనదేగా."

"నేను చెబుతా ఆయనకి. తప్పు నాదని చెబుతా."

"నీదెలా అవుతుందే? జేబులోంచి తాళంచెవి తీసింది ఎవరు? అది తిరిగి రాకముందే చెయ్యి పెట్టింది ఎవరు? ఆ కాగితంలో స్విచ్ సంగతి అబద్ధం. తప్పు నాదన్న మాట నిజం. నాకది చాలు."

"నీ పత్రం పోతుంది."

"నిచ్చెన పట్టుకోలేని చేతికి పత్రమెందుకు? మీ నాన్నదైనా మిగలనీ. లే, భుజం పట్టుకుంటా."

"నేనూ వస్తా. ఒట్టు, భయం లేదు నాకు. మాట్లాడతా."

"తెలుసు. ఇప్పుడు నా భయమంతా అదే. అన్నయ్యా, వస్తున్నా! నువ్విక్కడే ఉండు. గుమ్మం మీంచి చెయ్యి తియ్యి."

"బాబాయ్, వద్దు. బాబాయ్, నా మాట విను…"

"తియ్యవే తల్లీ. తలుపేస్తున్నా."

"ఎవరండీ లోపల? ఆ అమ్మాయి ఏదో చెప్పాలనుకుంటున్నట్టుంది. ఆ రోజు ఫోను ఈ ఇంటికి గానీ వచ్చిందా?"

"మా అన్నయ్య కూతురండీ, కొత్తవాళ్ళ ముందు నోట్లోంచి మాట రాదు దానికి. ఈ ఇంటికి ఏ ఫోనూ రాలేదు. ఆ స్విచ్ వేసిందీ, ఆ ఫోన్ చేసిందీ, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు మాట్లాడిందీ నేనే."