సాయంత్రపు ఆసుపత్రి తెరిపించిన అక్కగారు

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదవ సంవత్సరం జూలై ఆరవ తేదీన, కుట్టు కర్మాగారంలో పర్యవేక్షకురాలి ఉద్యోగాన్ని వదులుకొని, పురపాలక సభ్యురాలిగా మా సభామందిరంలో అడుగుపెట్టిన అక్కగారు, నేడు ఆరోగ్య, యువజన సంఘం అధ్యక్షత నుండి స్వచ్ఛందంగా విరమిస్తున్నారు.

కర్మాగారం ఐదింటికి వదిలితే, పురపాలక వైద్యశాల నాలుగింటికే తలుపులు మూసేది. జ్వరం వచ్చిన కార్మికురాలికి మందో, ఆనాటి కూలో, ఏదో ఒకటే దక్కడం అక్కగారు కళ్లారా చూసినవారు. సాయంత్రాలూ తెరవమని ఆమె అడిగితే, "సాయంత్రం ఎవరొస్తారమ్మా?" అని నాటి వైద్యాధికారి తీసిపారేస్తే, "తెరిచి చూడండి. ఎవరూ రాకపోతే నేనే వచ్చి తాళం వేస్తాను" అన్నారు. తెరిచిన వారంలోనే వరుస వీధి మలుపు దాకా సాగింది. నాటి నుండి ఆమె అందరికీ 'సాయంత్రం అక్క'.

ఉన్న రెండు గదులూ చాలక, బస్సు షెడ్డు వెనుక ఖాళీ స్థలంలో కొత్త భవనం కట్టాలని ఆమె సంకల్పించారు. అక్కడ బంతాట ఆడుకునే యువత ఒక్కసారిగా భగ్గుమంది. "ఆడుకునే చోటు లాక్కుని మందుబిళ్లలిస్తారా?" అని వాళ్ల జట్టు గోల్‌కీపరైన అమ్మాయి సభామందిరం మెట్ల మీదే నిలదీసింది. పోలీసులను పిలుద్దామన్న సహసభ్యులను వారించి, అక్కగారు తలుపు బార్లా తెరిపించారు. "బయట అరిస్తే గొంతు పోతుంది. లోపలికొచ్చి ఓటెయ్యండి" అంటూ తాను అధ్యక్షత వహించే సంఘంలోనే యువతకు స్థానాలు కల్పించారు. ఆ ఓట్లతోనే ఆమె ప్రతిపాదన వీగిపోయింది. నెలాఖరులోగా వేరే స్థలం చూపకపోతే, మంజూరైన ఆసుపత్రి చేజారిపోయే ప్రమాదం వచ్చిపడింది.

ఆ పూట కంచం ముందు కూర్చున్నా అక్కగారికి ముద్ద దిగలేదు. "కొరివితో తల గోక్కున్నావు కదే" అన్నారు బస్సు డ్రైవరైన ఆమె భర్త.

"ఓడిపోయినందుకు బాధగానే ఉందండీ. కానీ మొదటిసారి చెయ్యెత్తారు వాళ్లు. ఆ చెయ్యి దించమని ఏ నోటితో చెప్పను?"

మర్నాడు ఉదయమే ఆమె మైదానానికి వెళ్లారు. "స్థలం మీదే. ఇక ఆసుపత్రికి చోటు వెతికే పూచీ కూడా మీదే." జట్టంతా వీధులు గాలించి, పైకప్పు కూలి పాడుబడిన పురపాలక గిడ్డంగిని వెతికి పట్టుకుంది. పనికిరాదన్న ఇంజనీరును గోల్‌కీపరమ్మాయి వదలక వెంటపడి, గోడలు మళ్లీ పరీక్షింపజేసింది. గోడలు గట్టివేనని తేలింది. గడువులోపే ఆమోదం లభించి, ఏడాది తిరగకముందే అక్కడ రోగులకు పడకలు వెలిశాయి.

ఆ అమ్మాయి నేడు మా సభలో సభ్యురాలు. అక్కగారి ప్రతిపాదనలను అందరికంటే గట్టిగా ప్రశ్నించేది ఆమే, అందుకు అందరికంటే ఎక్కువగా మురిసిపోయేది అక్కగారే. అయితే ఒక మాట దాచలేము: అందరి మాటా వినాలన్న పట్టుదలతో అక్కగారు నడిపిన సమావేశం ఒక్కటైనా సమయానికి ముగిసిన దాఖలా లేదు.

"ఊరందరినీ బీపీ చూపించుకోమని తరుముతుంది. తన బీపీ మాటెత్తితే మాత్రం రేపు చూద్దాంలే అంటుంది" అని వారి కుమార్తె మాతో మొరపెట్టుకున్నారు. అక్కగారూ, ఆ రేపు నేడే కావాలని, మీరు మీవారి చెంత తీరికగా కూర్చుని వేడి వేడిగా భోంచేసే పూటలు ఇకపై లెక్కకు మిక్కిలి కావాలని, నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ మమ్మల్ని ఇలాగే మందలిస్తూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.