బరబ్బ పెండ్లాము

"మీ శిలువ కథ విన్నాక మునివెంకటమ్మ నాతో మాట్లాడలేదు. పదకొండు దినాలు. అట్లనే చచ్చిపోయింది."

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు. దీనమ్మ, తెల్లదొరల పటాలం ఉండే దండు పేటలోని ఆడవాళ్ళ ఆసుపత్రిలో మంచం మంచానికీ తిరిగి బైబిలు చదివి వినిపించే మనిషి. నేతగాళ్ళుండే కబ్బన్‌పేటలో నంజప్ప ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అతని భార్య మునివెంకటమ్మ ఆసుపత్రిలో వదిలిన చీర, కంచుగిన్నె గడప మీద పెట్టింది. నంజప్ప మగ్గం గుంటలోంచి లేవకుండానే ఆ మాట అన్నాడు.

"కూర్చోమనవా అన్నా?"

"నిలుచుకునే చెప్పు. దానికి నీళ్ళు పోసినారా, లేదా?"

"ఏం నీళ్ళు?"

"మతంలో కలిపేటప్పుడు పోస్తారంట గదా. దాచొద్దు."

"ఆమె అడగలే, మేము పోయలే. బొట్టుతోనే పోయింది. శవాన్ని నువ్వే గదా ఎత్తుకొచ్చింది, చూడలేదా?"

"చూసినా. లోపల ఏం పోసినారో అది ఎట్ల కనిపిస్తాది?"

"నేను చదివేది, ఆమె వినేది. అంతే."

"ఏం చదివినావు?"

"ఆయన శిలువ మీద ఎందుకు చచ్చిపోయినాడో, అది."

"ఎందుకు?"

"మన పాపానికి. మనకు పడాల్సిన శిక్ష ఆయన మోసినాడు. అది నమ్మినోళ్ళకి రక్షణ."

"ఒకడు తప్పు చేస్తే ఇంకొకణ్ణి కొట్టేదా? మా పేట పంచాయితీలో కూడా ఒప్పరు."

"మీ పంచాయితీలో పక్కనోడు లేచి, ఆ దెబ్బలు నన్ను కొట్టండి అంటే?"

"అట్ల ఎవడంటాడు?"

"ఆయన అన్నాడు."

"సరే. అది విని మా ఇంటిది ఏమనింది?"

"ఏమీ అనలే. నిద్రపోయింది."

"అబద్ధం."

"పోయిన మనిషి మాటలు ఎందుకన్నా తవ్వేది?"

"మా సొన్నప్ప మాట ఎత్తిందా?"

"సొన్నప్ప ఎవరు?"

"తెలిసి తెలిసి అడుగుతావే. నా తమ్ముడు. యుద్ధంలో సర్కారు పర్మిట్ మీద నేసేదానికిచ్చిన పట్టునూలు దొంగతనంగా అమ్మినాడు, జైలుకు పోయినాడు, ఆడనే జ్వరమొచ్చి చచ్చినాడు. పేటంతా తెలుసు."

"పేటకు తెలిసింది నాకూ తెలుసు."

"అంటే?"

"అంటే ఏమీ లేదు."

"ఏమీ లేకుంటే ఒక గిన్నె కోసం దండు నుంచి ఇంత దూరం నడిచొస్తావా? ఏం చెప్పింది నీకు?"

దీనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ దినం తాను చదివింది బరబ్బ గురించి అని చెప్పింది. వాడు ఖైదీ, నేరం చేసినవాడు. పండుగకు ఒక ఖైదీని వదిలే వాడుక ఆ ఊళ్ళో ఉండేది. జనం బరబ్బను వదలమన్నారు, ఏసును శిలువ వేయమన్నారు. వాడికి పడవలసిన చావు ఏ తప్పూ చేయని ఈయనకు పడింది.

"ఆడ ఆపమనింది మునివెంకటమ్మ. వదిలినోడు ఏమయినాడు అని అడిగింది."

"ఏమయినాడు?"

"పుస్తకంలో లేదు. అదే చెప్తిని. ఇంటికి పోయుంటాడా, అనింది. పోయుంటాడు అంటిని. వానికి పెండ్లాముండెనా, అనింది. నాకేం తెలుసమ్మా అంటిని."

"చాల్లే."

"అడిగినావు గదా, విను. ఇంటికొచ్చినోనికి ఆమె కూడు పెట్టుంటాది, నీళ్ళు తోడి పోసుంటాది, వాడు నోరు తెరిచి ఒక్క మాట చెప్పుండడు, అనింది. నేనూ నాలుగేండ్లు అట్లనే పెట్టినా, అనింది."

"నా మీద చెప్పిందా?"

"నూలు అమ్మింది నువ్వు. ఆమె కండ్లారా చూసిందంట. పోలీసులొచ్చినప్పుడు తమ్ముణ్ణి చూపించి తప్పించుకున్నావనుకునింది."

"అనుకునింది. నన్ను అడిగిందా?"

"నువ్వే చెప్తావని కాచుకోనుండింది."

"కాచుకునేదా అది? నేను ఆసుపత్రికి పోంగానే గోడ తట్టు తిరిగి పండుకునేది."

"నేను మొహం చూస్తే ఆయనకు నోరు రాదు, అందుకే తిరుగుతాను, అనింది. పదకొండు దినాలూ నువ్వు పోయినాక నన్ను అడిగేది, గొణిగినాడా, నాకు వినపడలేదా అని."

నంజప్ప మగ్గం మీద తెగిన పోగు ఒకటి ముడి వేశాడు.

"ఇప్పుడైనా చెప్పన్నా. ఏసు చావు బరబ్బకు కూడా చెల్లుతాది. ఒప్పుకుంటే చాలు."

"మీ ఏసు... ఎవరూ తోయకుండానే చావుకు పోయినాడా?"

"తోయలే. ఇష్టపడే పోయినాడు."

"మా వాడూ అంతే. పోలీసులు గడపలో ఉండంగా, నీకు పెండ్లాముండాది, నాకెవరుండారు, అని చొక్కా తొడుక్కొని వాడే బయటికి పోయినాడు. నేను చూపించలే. వద్దనీ అనలే. పో దీనమ్మా. దానితో చెప్పని మాట నీతో చెప్పినా. ఇంక చచ్చేదాకా ఎవరితోనూ చెప్పను."