అంకాలమ్మ బొంతలో ఖాళీ చోటు

(ఇందుకూరుపేట మహిళా మండలిలో కుట్టుపని నేర్పిన జయశీల టీచరు, 1966లో తన పదవీ విరమణ సభలో మాట్లాడినది)

అధ్యక్ష స్థానంలో ఉన్న పద్మనాభయ్య గారికి, ఈ సభ కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగిన విజయభాస్కర్ గారికి, చేపల గంపలు దించి నేరుగా ఇక్కడికే వచ్చిన అక్కలకూ చెల్లెళ్ళకూ నమస్కారం. ఈ మైకు గీపెడుతోంది, కొంచెం దూరం జరపండి. వీళ్ళతో ఇన్నేళ్ళు అరిచిన గొంతు నాది, మైకు లేకపోయినా వెనక వరసకు వినపడుతుంది. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడిన పెద్దలు నన్ను చాలా పొగిడారు, సంతోషం. కానీ అధ్యక్షుల వారు "మన ఆడవాళ్ళు తీరిక వేళల్లో పనికిరాని గుడ్డపేలికలతో చక్కగా కాలక్షేపం చేశారు" అన్నారే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఏ తీరిక అండీ? ఈ పేరమ్మ తెల్లారకముందే మైపాడు ఒడ్డుకు పోయి, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకుని, ఇంటికొచ్చి వండి వార్చి, మిగిలిన చేపలు ఎండబెట్టి, ఆ తరవాత సూది పట్టుకునేది. మీ ఇంట్లో తీరిక అంటే అదేనేమో నాకు తెలియదు. (నవ్వులు) అట్లా చూడకండి పద్మనాభయ్య గారూ, ముందు నవ్వింది మీ ఇంటావిడే.

వీళ్ళతో నేనూ తక్కువ తిప్పలు పడలేదు. పైవాళ్ళు పంపిన పుస్తకంలో గులాబీ ఉంది కదా అని, దిండు గలీబు మీద గులాబీ కుట్టమన్నాను. పేరమ్మ అత్తగారు అంకాలమ్మ కుట్టి తెచ్చింది. చూస్తే రేకులకు కాళ్ళున్నాయి. ఇదేం పువ్వు అవ్వా అంటే, "ఆ పువ్వు నేను యాడ చూసినా? పీతనైతే రోజూ చూస్తా ఉండా. అందుకే పీతను కుట్టినా" అంది. విప్పి మళ్ళీ కుట్టమన్నాను. మళ్ళీ పీతే. ఈసారి రెండు. (నవ్వులు) తల పట్టుకుని, నీకు తెలిసిందే కుట్టు తల్లీ అని వదిలేశాను.

అట్లా మొదలైంది ఇప్పుడు నా భుజాల మీదున్న ఈ బొంత. అంకాలమ్మ భర్త పోలయ్య వేటకు పోయి సముద్రంలోనే పోయాడు. పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. ఆ పడవ తెరచాప ముక్కను ఆమె బొంత నడుమ ఆకాశంగా పరిచింది. చినిగిన వల దారాలతో అలలు కుట్టింది, ఆయన చొక్కా గుండీలతో చేపలకు కళ్ళు పెట్టింది. కోడలు పేరమ్మ తన పెళ్ళికోక చెంగుతో ఇసుక వేసింది. మనవరాలు చెంచులక్ష్మి నెల్లూరు స్టేషన్లో రైలు చూసొచ్చి, పాత బడి పావడా కత్తిరించి ఆ ఇసుక మీద రైలు పెట్టింది. "మైపాడు ఇసకలో రైలేందే?" అని అవ్వ. "నాకు మతిలో ఉండేది అదే గదా" అని ఆ పిల్ల. కొన్నాళ్ళు ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో నా ప్రాణం తీశారు. చివరికి అవ్వే రైలు కిటికీలో ఒక పీతను కూర్చోబెట్టి రాజీకొచ్చింది. (నవ్వులు)

ఇక విజయభాస్కర్ గారి సంగతి. ఉత్సాహం ఎక్కువ, వచ్చిన చిక్కంతా అదే. సభలో వేలాడదీస్తామని అంకాలమ్మ దగ్గర బొంత తీసుకున్నారు. దాన్ని నెల్లూరు పట్టుకెళ్ళి, చుట్టూ ఎర్ర సాటిన్ అంచు వేయించి, తెరచాప పక్కన ఖాళీగా కనిపించిన చోట బజారులో కొన్న చిలక బొమ్మను అతికించి కుట్టించి, ఇందాక మీ అందరి చప్పట్ల మధ్య శాలువాలాగా నాకు కప్పారు. "సగంలో వదిలేసి ఉన్నారు టీచరమ్మా, నేను పూర్తి చేయించినా" అని నా చెవిలో చెప్పారు కూడాను.

నాయనా, అది సగంలో వదిలింది కాదు. వీళ్ళింట్లో పోయినవాళ్ళ గుడ్డ ముక్కను బొంతలో కలుపుతారు. తెరచాప పక్కన ఆ చోటు అంకాలమ్మ తనకోసం ఉంచుకుంది. తను పోయాక ఏ కోక ముక్క వెయ్యాలో కోడలికి చూపించి కూడా పెట్టింది. సముద్రంలో పోయిన మనిషి పక్కన ఉండటానికి ఆమెకు ఇంకో చోటు లేదు. అడిగి ఉంటే ఆ ఇంట్లో ఎవరైనా చెప్పేవాళ్ళు. అడగాలని మీలో ఒక్కరికైనా తోచిందా?

మీరు చప్పట్లు కొడుతున్నప్పుడు ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. దండ వెయ్యడానికి అనుకున్నారు మీరు. ఆమె చిలక మీద వేలు పెట్టి, "ఈడ చిలకేంది జయశీలమ్మా? ఈడ నేను గదా ఉండాల" అంది.

విజయభాస్కర్ గారూ, ముఖం అట్లా పెట్టకండి, మీ మనసు మంచిదే. ఎవరి దగ్గరైనా బ్లేడు ఉందా? చెంచులక్ష్మీ, నువ్వు రా. మెల్లగా విప్పు, తెరచాప చిరగకూడదు. అధ్యక్షుల వారూ, బల్ల మీద ఆ దండలు కాస్త తీయండి, పిల్లకు చోటు కావాలి. సభామర్యాద తరవాత చూసుకుందాం. (విరామం) అదిగో, వచ్చేసింది చిలక.

ఈ బొంత నేను తీసుకోను. తీసుకుపో అవ్వా, నువ్వే కప్పుకో. నన్ను గౌరవించాలని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు, ఇంతకన్నా మెత్తగా మాట్లాడటం నాకు చేతకాలేదు. ఆ ఖాళీ చోటు ఇంకా చాలా ఏళ్ళు ఖాళీగానే ఉండాలని కోరుకుంటూ, సెలవు.